సీదా అన్నాను

కాగితాల మీద దాని పేరు క్యాంపర్. మా యార్డులో అందరం డబ్బా అనే అంటాం. పికప్ బండి వెనుక తొట్టిలో కూర్చోబెట్టే చిన్న ఇల్లు అది. లోపల మంచం, పొయ్యి, సింకు, నీళ్ల ట్యాంకు, ఓ మూల మరుగుదొడ్డి. ఆరుగురం ఉండే మా రూముకు అన్ని సౌకర్యాలు లేవు. ఆ మాట అంటే ఫోర్మన్ నవ్వుతాడు, మేమూ నవ్వుతాం.

యార్డు ఒమాన్‌లోని ఖబూరాలో, హైవేకు సముద్రానికి మధ్య, ఖర్జూర తోటల వెనుక ఉంది. ఇక్కడివాళ్లు ఖరీఫ్ రాగానే డబ్బా బండికి ఎక్కించుకుని సలాలా పోతారు, తిరిగొచ్చాక మా యార్డులో దించి పెడతారు. ఖరీఫ్ అంటే మాకు వరినాట్లు, ఎరువు బస్తాల కోసం లైను. వీళ్లకు ఖరీఫ్ అంటే సలాలా కొండల మీద పడే తుంపర. ఆ తుంపరలో తడవడానికి వెయ్యి కిలోమీటర్లు బండి తోలుకుంటూ పోతారు. వచ్చిన కొత్తలో ఒకాయన ఖరీఫ్‌కు పోతున్నానంటే ‘ఏం పంట వేస్తారు?’ అని అడిగాను. అన్న ఆ ముచ్చట వారం రోజులు క్యాంపంతా తిప్పి చెప్పి నవ్వించాడు.

అన్న అంటే సొంత అన్న కాదు. నాది జగిత్యాల దిక్కు ఒక ఊరు, ఆయనది పక్క మండలం. నాకంటే ఆరేళ్లు పెద్ద. ఎనిమిదేళ్లు ఒకే రూములో, పై మంచం నాది, కింది మంచం ఆయనది. రెండేళ్ల కింద ఈ యార్డులోనే డబ్బా మీద పడి ఆయన కుడి కాలు నలిగింది. అప్పటినుంచి ఊళ్లోనే ఉంటున్నాడు. తన చేతులారా చేసుకున్నానని ఆయన నమ్మకం. కాదని నాకు తెలుసు. రెండేళ్లు తెలిసే ఊరుకున్నాను.

డబ్బా దించడం అంటాం గానీ ఆ మాటే తప్పు. దాన్ని ముందు దించం, లేపుతాం. నాలుగు మూలలా నాలుగు ఇనుప కాళ్లు ఉంటాయి. నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి, గొలుసులు విప్పి, కరెంటు వైరు పీకి, ఆ కాళ్లను నేలకు ఆనిస్తాం. హ్యాండిల్ తిప్పుతూ, ఈ మూల కొంచెం ఆ మూల కొంచెం, డబ్బాను తొట్టి మీంచి పైకి తీస్తాం. ఒక్క మూలే గబగబా లేపితే పక్కకు ఒరుగుతుంది. నాలుగు వేళ్ల ఎత్తు లేచాక బండి దాని కింద నుంచి మెల్లగా ముందుకు జరిగి బయటికి పోతుంది. డబ్బా తన కాళ్ల మీద ఒంటరిగా నిలబడుతుంది. అప్పుడు దాన్ని ఎంత కిందికి తేగలిగితే అంత కిందికి తెచ్చి, చెక్క దిమ్మలు పేర్చి, బరువు కాళ్ల మీద కాకుండా దిమ్మల మీద పడేట్టు చేస్తాం. చెప్పడానికి ఇంతే.

మా యార్డు నేలను నమ్మడానికి లేదు. పైకి గట్టిగా కనిపిస్తుంది. బరువు పడితే మెత్తబడుతుంది. అందుకని ప్రతి కాలు కింద వెడల్పాటి చెక్క పలక వేస్తాం. ఎత్తు సరిపోయాక కాలికి అడ్డంగా బొటనవేలంత ఇనుప పిన్ను దూర్చాలి. అది లేకపోతే కాలు తన గొట్టంలోకే జారిపోయే ప్రమాదం ఉంది. నాలుగు పిన్నులూ పడేదాకా బండి స్టార్ట్ కాకూడదు. ఇప్పుడైతే తాళంచెవి నా జేబులో పడితే గానీ పనిలో చెయ్యి పెట్టను. అప్పుడు ఈ తెలివి లేదు.

నేను ఊళ్లో సుతారి పని చేసినవాణ్ని. గోడ కట్టేటప్పుడు రసమట్టం పెట్టి, బుడగ మధ్యకు రాగానే ‘సీద ఉన్నది’ అని కేకేసేవాణ్ని. ఇటుకలు అందించేవాళ్లకు అదే లెక్క. ఇక్కడ ఫోర్మన్‌కు ఆ సంగతి తెలిసి, డబ్బాలు మట్టంగా ఉన్నాయో లేదో చూసే పని నాకు అప్పగించాడు. అన్న హ్యాండిల్ తిప్పుతాడు, నేను డబ్బా వెనుక తలుపు గడప మీద రసమట్టం పెట్టి చెప్తాను. అలా ఎన్ని దించామో. నేనో పెద్ద మేస్త్రిని మరి! నా బుడగ మధ్యకు రావాల్సిందే, వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒప్పుకునేవాణ్ని కాదు. డబ్బాలో ఫ్రిజ్ ఉంటుంది, వాలుగా నిలబెడితే పాడవుతుంది అని పెద్ద చదువుకున్నవాడిలా చెప్పేవాణ్ని.

ఆ రోజు సలాలా నుంచి వచ్చిన డబ్బా ఒక పెద్దాయనది. ఇక్కడివాడే, చేపల పడవలున్నవాడు, తెల్ల గడ్డం. మాకు పాత కస్టమర్. పొద్దున పదింటికే ఎండ మాడ్చేస్తోంది. పెద్దాయన బండి దిగలేదు. ఏసీ వేసుకుని, అద్దం రెండు వేళ్లు దించి కూర్చున్నాడు. ఇంజను ఆడుతూనే ఉంది. నేను చూశాను. ముసలాయన, ఎండలో ఎందుకు నిలబెట్టడం అనుకున్నాను. పక్క షెడ్డులో గాలి కొట్టే మిషను చప్పుడు. అరిస్తే గానీ మాట వినపడదు.

మూడు కాళ్లకు పిన్నులు పడ్డాయి. ఎడమ వైపు వెనుక కాలు ఒక్కటే మిగిలింది. అక్కడ నేల మెత్తగా ఉండి పలక కొద్దిగా దిగింది. అన్న ఆ కాలి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో హ్యాండిల్ తిప్పుతున్నాడు. పిన్ను పళ్ల మధ్య పట్టుకున్నాడు. చేతులు ఖాళీ లేనప్పుడు ఆయన అలవాటు అది. మాట ముద్దముద్దగా వచ్చేది.

“ఎట్లుంది తమ్మీ?”

“ఇంక లేపన్నా. నీ దిక్కే దిగింది.”

“లేపుతనే ఉన్న. నీ బుడగ నా పానం తీస్తాంది.”

“ఇంకో రెండు చుట్లు!”

“ఇగ చాలా?”

బుడగ వచ్చి రెండు గీతల మధ్య ఆగింది. “సీదా! సీదా!” అని అరిచాను.

బండి కదిలింది.

ఒమాన్‌లో టాక్సీ ఎక్కినవాడెవడికైనా ఆ మాట తెలుసు. రౌండబౌట్ రాగానే డ్రైవర్ తల తిప్పి చూస్తాడు, మనం ‘సీదా’ అంటాం, అతను ముక్కుసూటిగా పోనిస్తాడు. నేనే వేలసార్లు అనుంటాను. పెద్దాయన చెవిన పడ్డది ఆ సీదా. నేనన్నది మా గోడల మీది సీద. ఎనిమిదేళ్లు ఈ రెండు మాటలూ ఒకే నోట్లో పెట్టుకుని తిరిగాను గానీ, ఒకటి ఇంకొకటి కాదని ఒక్కసారి కూడా తోచలేదు.

తొట్టి గోడకు, డబ్బా కాలికి మధ్య సందు నాలుగు వేళ్లే. బండి బయటికి పోయేటప్పుడు రెండు పక్కలా మనిషి నిలబడి చూడాలి. ఎవరూ లేరు. స్టీరింగ్ కొద్దిగా పక్కకు తిరిగి ఉంది. తొట్టి వెళ్లి డబ్బా ఎడమ ముందు కాలికి తగిలింది. అది మడత కుర్చీ మడిచినట్టు మడుచుకుపోయింది. డబ్బా ఎడమకు ఒరిగింది. ఆ బరువు వచ్చి అన్న దగ్గరున్న కాలి మీద పడింది. పిన్ను లేని కాలు లోపలికి జారింది. డబ్బా మూల ఆయన కుడి కాలి మీద, మోకాలి కింద దిగింది.

అన్న అరిచినప్పుడు నోట్లోని పిన్ను ఇసుకలో పడింది. అది పడటం నేను చూశాను. ఆ తర్వాత ఎవరెవరు ఎటునుంచి వచ్చారో, జాకీలు ఎవరు తెచ్చారో నాకు గుర్తు లేదు. రసమట్టం మాత్రం నా చేతిలోనే ఉంది. ఆసుపత్రి దాకా దాన్ని పట్టుకునే పోయాను. అక్కడ ఎవరో తీసి బెంచీ కింద పెట్టారు.

ఆ వార్డులో ఒక సిస్టర్ మన తెలుగామె. భీమవరం దగ్గర ఊరట. మెడలో సన్న గొలుసుకు చిన్న శిలువ. డాక్టరు చెప్పింది ఆమే మాకు తెలుగులో చెప్పింది.

“కాలు తియ్యక్కర్లేదంటున్నారండీ. ఎముకలు అతుక్కుంటాయట. పాదానికి స్పర్శ మాత్రం వస్తుందో రాదో చెప్పలేమంటున్నారు. నేను ప్రార్థన చేస్తానండీ. అసలు ఎలా జరిగింది బాబూ?”

“పిన్ను పెట్టలే సిస్టర్,” అన్నాను.

నా నోటి నుంచి మొదట వచ్చిన మాట అది. ఎవరూ నేర్పలేదు. ఎవరూ బెదిరించలేదు. సిస్టర్ అయ్యో అంది. నేనూ తల ఊపాను.

మరునాడు ఫోర్మన్ ఒక కాగితం, ఆ పిన్ను పట్టుకుని వచ్చాడు. పిన్ను ఇసుకలో దొరికిందట. మంచం పక్కన నిలబడి హిందీలో “పిన్ కిస్నే నహీ డాలా?” అన్నాడు. పిన్ను ఎవరు పెట్టలేదని. అన్న మందుల మత్తులో ఉన్నాడు. కళ్లు సగం తెరిచి “మైనే నహీ డాలా సాబ్” అన్నాడు. నేనే పెట్టలేదని. ఫోర్మన్ నా వైపు చూశాడు. నేను పిన్ను వైపు చూశాను. దాని మీద అన్న పళ్ల గాట్లు కూడా లేవు, ఇనుము కదా. “నహీ డాలా” అన్నాను. ఆయన రాసుకున్నాడు. బండి ఎందుకు కదిలిందని అడగలేదు. బండి కస్టమర్‌ది.

ఎందుకు చెప్పలేదంటే భయం. మాట పట్టుకుని నన్నే పంపించేస్తారని భయం. నాకు అప్పుడే వీసా రెన్యువల్ అయింది. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని చాలాసార్లు వెతుక్కున్నాను. లేదు. ఆ వారం నేను డ్యూటీకి పోయాను, అన్నం తిన్నాను, పప్పులో ఉప్పు ఎక్కువైందని కూడా గమనించాను. ఏడుపు రాలేదు. రూములో మిగతావాళ్లు పాపం, నా గుండె రాయి అయిపోయిందన్నారు, అన్న మీద అంత ప్రేమ అన్నారు. నాకేమీ అనిపించడం లేదని వాళ్లకు ఎలా చెప్పను?

పెద్దాయన ఒకరోజు ఫ్లాస్కులో కహ్వా, అదే ఇక్కడి కాఫీ, డబ్బీలో ఖర్జూరాలు తెచ్చి మంచం పక్కన కాసేపు కూర్చున్నాడు. అన్న ఆయనకు దండం పెట్టి, తెలుగులోనే, నా వల్ల మీ డబ్బా పాడైందన్నాడు. నేను హిందీలో అది ఆయనకు చెప్పాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. ఫ్లాస్కు అక్కడే వదిలి లేచి వెళ్లాడు.

అన్నను ఇంటికి పంపించారు. ఎముకలు అతుక్కున్నాయి, స్పర్శ రాలేదు. వేడి నీళ్లు పోసుకుంటే కాలేది కూడా తెలియదట. ఇప్పుడు వాళ్ల ఊరి బస్ స్టేజీ దగ్గర చాయ్ డబ్బా పెట్టుకున్నాడు. “మళ్ల డబ్బలనే బతుకు తమ్మీ,” అని నవ్వుతాడు. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం, నాకు సెలవు కాబట్టి, నేనే ఫోన్ చేస్తాను. ఎత్తగానే ఆయన మొదటి మాట ఒకటే. “ఏం తమ్మీ, పిన్ను పెడ్తున్నవా?”

“పెడ్తున్నన్నా.”

“మంచిగ పెట్టు. నా లెక్క చెయ్యకు.”

వెనుక నుంచి వదిన గొంతు వినపడుతుంది. “ఆ, ఇప్పుడు చెప్తుండు బుద్ధులు! ఒక్క పిన్ను పెట్టనీకి ఏం రోగమొచ్చిందో ఆ దినం.” కొన్ని శుక్రవారాలు ఆమె అంతటితో ఆగదు. బంగారమసొంటి కాలు పోగొట్టుకున్నవంటుంది, పిల్లల ముఖం యాదికి రాలేదా అంటుంది. అన్న ఫోన్ చేత్తో మూసేవాడు. మూసినా వినపడేది. నేను విని, మరి ఉంటానన్నా అని పెట్టేసేవాణ్ని. పోయి బట్టలు ఉతుక్కునేవాణ్ని. ఇలా రెండేళ్లు.

పోయిన గురువారం ఆ పెద్దాయన మళ్లీ వచ్చాడు. అదే డబ్బా, కొత్త కాళ్లు. సలాలా నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, చక్రాల మట్టి ఇంకా ఎర్రగా ఉంది. నేను అడగకముందే ఇంజను ఆపి, బండి దిగి, తాళంచెవి నా అరచేతిలో పెట్టాడు. పెట్టి నా వేళ్లు మూశాడు. పోయి షెడ్డు నీడలో ఎండ తగ్గేదాకా నిలబడతానన్నట్టు గోడకు ఆనుకున్నాడు.

చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టాను. పలకలు వేశాను, మెత్త నేల ఉన్నచోట రెండేసి. ఇప్పుడు నాతో హ్యాండిల్ తిప్పేది ఒక బెంగాలీ, మాటలు తక్కువ, నాకూ అదే నయం. నాలుగు మూలలూ కొంచెం కొంచెంగా లేపాం. మట్టం చూశాను. బుడగ మధ్యకు వచ్చినా నోరు మెదపలేదు. చేయి పైకెత్తి ఆగమన్నాను. రెండేళ్లుగా నా పద్ధతి అదే. నాలుగు పిన్నులూ నేనే వేలితో తాకి చూసి, అప్పుడు తాళంచెవి పెద్దాయనకు ఇచ్చాను. ఇద్దరం రెండు పక్కలా నిలబడి బండిని బయటికి రప్పించాం. డబ్బాను కిందికి తెచ్చి దిమ్మల మీద కూర్చోబెట్టాం. అది కదలకుండా కూర్చుంది.

చాయ్ తాగేటప్పుడు పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు. మేం ఇక్కడివాళ్లతో మాట్లాడే అరబీ సగం విరిగినది, వాళ్లూ మాతో అలాగే మాట్లాడతారు. “ఇంతా కలాం సీదా,” అన్నాడు మెల్లగా. నువ్వు సీదా అన్నావు. “అనా రూహ్ సీదా.” నేను సీదాగా పోయాను. “అనా గల్తాన్?” నాదా తప్పు?

రెండేళ్లుగా ఈయన కూడా మోస్తున్నాడని నాకు తెలియదు. అసలు ఆయన గురించి నేను ఆలోచించనే లేదు. రసమట్టం తెచ్చి బల్ల మీద పెట్టి, బుడగ చూపించి, ఇదీ నేనన్న సీదా అన్నాను. కాదు బాబా, నీది కాదు అన్నాను. ఆయన వంగి బుడగను చాలాసేపు చూశాడు.

“హాదా మీజాన్,” అన్నాడు. దీన్ని మీజాన్ అంటారు.

వాళ్ల భాషలో దానికి వేరే మాట ఉంది. పదేళ్లు ఇక్కడ ఉండి నేను ఆ ఒక్క మాట అడిగి తెలుసుకోలేదు. పెద్దాయన గ్లాసు కింద పెట్టి, ఈసారి హిందీలో, “ఉస్కో మాలూమ్?” అన్నాడు. అన్నకు తెలుసా అని. తెలియదన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కండువా సర్దుకుని బండెక్కి వెళ్లిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం అన్నకు ఫోన్ చేశాను.

“ఏం తమ్మీ, పిన్ను పెడ్తున్నవా?”

“అన్నా, నీకొకటి చెప్పాలె.”

“చెప్పు. ఏంది, మళ్ల పెండ్లి గిట్ల చేసుకుంటున్నవా?”

“ఆ దినం నేను సీదా అన్న. యాదికున్నదా? బుడగ సీద ఉన్నదని నీకు చెప్పిన. ఆ ముసలాయన బండి సీదా పొమ్మన్ననుకున్నడు. అందుకే కదిలిచ్చిండు. పిన్ను నీ నోట్లనే ఉండె. ఇంకొక్క నిమిషమైతే పెట్టేటోనివి. నీ తప్పు లేదన్నా. నాది.”

అవతల బస్సు హారన్. ఎవరో రెండు చాయ్ అంటున్నారు. లైను తెగిందేమోనని ఫోన్ తీసి చూసుకున్నాను. తెగలేదు.

“మళ్ల చెప్పు,” అన్నాడు.

మళ్లీ చెప్పాను. ఈసారి ఆసుపత్రిలో నేను అబద్ధం చెప్పిన సంగతి కూడా చెప్పాను. ఇక తిడతాడు అనుకుని కళ్లు మూసుకున్నాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఫోన్ పక్కకు పెట్టి గట్టిగా కేకేశాడు.

“ఏమే! ఇటు రా! ఉరికిరా ఒకసారి! నాది తప్పు లేదంట! తమ్మి చెప్తుండు, నువ్వే ఇను!”

ఆ గొంతు విని రెండేళ్లయింది. ఖరీఫ్ ముచ్చట క్యాంపంతా తిప్పి చెప్పిన గొంతు అది. వదిన ఫోన్ తీసుకుని ఏందట తమ్మీ అంది. మూడోసారి చెప్పాను.

“అయితే పిన్ను...” అంది.

“పెడ్తుండె వదినా. పెట్టేటందుకే వంగిండు.”

తిట్టు వదినా, తిట్టు అనుకున్నాను. ఆమె చిన్నగా అంది. “రెండేండ్ల సంది తిడుతున్న గద తమ్మీ ఆయనను. అన్నం పెట్టుకుంట గూడ తిట్టిన. ఒక్కనాడు ఎదురు చెప్పకపాయె.”

నాకు సిగ్గేసింది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా నాకేమైనా అనిపించిందంటే అదే మొదటిది. ఆమె ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. వెనుక అన్న, చాయ్ కోసం వచ్చిన ఎవరికో, తనెవరో కూడా తెలియని మనిషికి, ఒకటే మాట చెప్తున్నాడు.

“నా నోట్లనే ఉండె పిన్ను. పెడ్తుంటి. నేను పెడ్తనే ఉంటి.”